నవ్వకూడని పేజీ

శీతాకాలపు రోడ్డు క్యాంపు,
కాకిరాయి సరస్సుకి దక్షిణాన.
ఫిబ్రవరి, ఆదివారం.

ఏమే కోతిమొహం మరదలా,

“బడి మానేసినవాడివి, నువ్వా నాకు బడి గురించి చెప్పేది?” అంటావా! నిన్న ఆ మాట అనేసి టక్కున ఫోను పెట్టేశావు. లైను తెగిపోయిందని తర్వాత కోతలు కొయ్యకు. తెగితే గరగరమంటుంది, నువ్వు పెడితే టక్కుమంటుంది. ఆ తేడా నాకు తెలుసు. మళ్ళీ చేసి తిడదామంటే ఆబియా తాత ఫోను లాగేసుకున్నాడు. “ఇది రోడ్డు పని కోసం ఇచ్చిన ఫోనురా ఈనస్, బావామరదళ్ళ కొట్లాట కోసం కాదు” అన్నాడు. మా మేస్త్రీ కదా, ఏమనగలను? అందుకే కాగితం తీశా. కాగితాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు, చదివి తీరాలి.

అవును, మానేశాను. పదో క్లాసు సగంలో మానేశాను. అందుకే చెబుతున్నా. సరస్సులో కాలు దిగబడినవాడే కదా మంచు ఎక్కడ పలచనో చెప్పగలిగేది? ఎప్పుడూ ఒడ్డునే నిలబడ్డవాణ్ణి అడుగుతావా?

వచ్చే విమానానికి ఇంటికొచ్చేస్తానన్నావు. వచ్చి ఏం చేస్తావు? మన ఊళ్ళో ఎనిమిది దాటితే బడి లేదు. విమానం నడుపుతా, విమానం నడుపుతా అని చిన్నప్పటినుంచీ మా చెవులు చిల్లులు పడేలా చెప్పావు. ఇప్పుడు రన్‌వే పక్కన నిలబడి పైలట్లకి చెయ్యి ఊపుతావా? పదకొండో క్లాసు ఇంగ్లీషు లేకపోతే ఆ పైలట్ల బడివాళ్ళు నీ మొహం కూడా చూడరు. చూసినా జడుసుకుంటారనుకో, అది వేరే సంగతి.

అసలు నాకు మండుతున్నది ఎక్కడో తెలుసా? ఈ ఏడు ఇంగ్లీషు క్లాసంతా మన ఆదివాసీ జనం రాసిన పుస్తకాలే అని నువ్వే చెప్పావు! మనవాళ్ళ కథలు, మనవాళ్ళ నాటకాలు, మనవాళ్ళ కవితలు! నా రోజుల్లో ఏముండేవి? కోటలో ఒక రాజు, వాణ్ణి చంపడానికి ఇంకో రాజు. ఇద్దరికీ చలి లేదు, ఆకలి లేదు, పేజీలకి పేజీలు మాట్లాడుకోవడమే. నేను పైకప్పు పలకల్లో చిల్లులు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎక్కడైనా మంచు మీద పోయే ఒక్క స్నోమొబైల్ బండి కనబడి ఉంటే ఇంకో ఏడాది ఓర్చుకునేవాణ్ణేమో. నీకు బుట్టెడు దొరికాయి, నువ్వేమో పారిపోయి వస్తానంటున్నావు.

ఏమైందో చెప్పు. ఫోనులో “నీకర్థం కాదు” అని తప్పించుకున్నావు. అర్థం కాకపోతే రెండుసార్లు చదువుకుంటాలే. డోనీ ఆయిలు ట్రక్కు మీ పట్నానికి తిరిగి పోతోంది, ఈ ఉత్తరం వాడికిస్తున్నా. జవాబు కూడా వాడి చేతికే ఇయ్యి.

నీ అందగాడు బావ,
ఈనస్


హార్విక్,
బోర్డింగ్ ఇల్లు, మేడ మీది గది.

బావా,

తిడదామనే కూర్చున్నాను. తిట్లు రావడం లేదు. అడిగావు కాబట్టి చెబుతున్నా.

మొదట్లో ఎంత బాగుండేదో! మా టీచరు మిస్ హాలరన్ మొదటి వారం ఒక కవిత చదివింది. అందులో ఒక ముసలమ్మ కుందేలు ఉచ్చులు చూసుకోవడానికి పొద్దున్నే బయల్దేరుతుంది. చేతి తొడుగులు పోకుండా దారంతో మెడకి కట్టుకుని ఉంటుంది. అంతే. ఇంకేం జరగదు. నా గుండె మాత్రం ఎగిరి గంతేసింది. నాన్నమ్మ! పుస్తకంలో! ఆ రోజు బస్సు దిగి ఇంటిదాకా పరిగెత్తాను, చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయినా.

తర్వాత మొదలైంది. క్లాసులో ఉత్తరాది ఆదివాసీ రిజర్వునుంచి వచ్చిందాన్ని నేనొక్కదాన్నే. పేజీలో “అడవి” అని వస్తే చాలు, తలలన్నీ నావైపు తిరుగుతాయి. “మహాలా, మీ ఊళ్ళో కూడా ఇలాగేనా?” అంటుంది మిస్ హాలరన్. మంచిదే పాపం, మెత్తగా అడుగుతుంది. “మా ఊళ్ళో నెట్ పోతే ఏడుస్తాం మిస్” అన్నానొకసారి. అందరూ అది కూడా రాసుకున్నారు.

అసలు సంగతి ఇది. ఇప్పుడొక నాటకం చదువుతున్నాం, పసుపు అట్టది. అందులో ఒక ముసలి వేటగాడు చనిపోతాడు. కూతురు రోజా శవపెట్టె పక్కన కూర్చుని ఉంటుంది. ఎవరితోనూ మాట లేదు, తిండి లేదు. అప్పుడు ఆమె బావ ఆలస్యంగా, బూట్లకి మంచుతో లోపలికొచ్చి, “ఏమే, నీ మొహం అసలే అంతంతమాత్రం, ఏడ్చి ఇంకా ఉబ్బించుకున్నావా? మీ నాన్న ఇప్పుడు లేచాడనుకో, నిన్ను చూసి మళ్ళీ పోతాడు” అంటాడు.

బావా, నేను నవ్వేశాను. పెద్దగా. గది మొత్తంలో నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నారు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. ఆ బావ ఎంత క్రూరుడో, తరతరాల బాధ అతన్ని ఎలా మార్చేసిందో మిస్ హాలరన్ చెబుతూ చెబుతూ ఆగి నావైపు చూసింది. నా నవ్వు ఆగలేదు.

గంట కొట్టగానే నన్ను కౌన్సిలర్ గదికి పంపారు, బడిలో పిల్లల బాధలు వినే ఆయన. ఆయన టిష్యూల డబ్బా నా ముందుకి జరిపి, “దుఃఖం ఒక్కోసారి నవ్వులా బయటికొస్తుంది” అన్నాడు. “అది దుఃఖం కాదు సార్, జోకు” అన్నా. “అవునవును” అని తలూపాడు. మర్నాడు వరండాలో ట్రెంట్ అనే అబ్బాయి, “వాళ్ళక్కడ చావులకి నవ్వుతారట” అని ఎవరితోనో అంటున్నాడు.

ఈ పాఠం అయ్యేసరికి ప్రతివాళ్ళూ ఒక సన్నివేశం తీసుకుని క్లాసు ముందు నిలబడి వివరించాలి. నేను ఆ సన్నివేశమే అడిగాను. మిస్ హాలరన్ నా భుజం మీద చెయ్యేసి, “నీకు అంత కష్టం వద్దు, లైబ్రరీలో కూర్చుని ఒక పేరా రాసివ్వు చాలు, మార్కులు వేస్తా” అంది. మన పుస్తకం, మన చావిల్లు, మన జోకు. నన్నేమో దయతలచి బయట కూర్చోబెట్టారు. ఇంకెందుకుండాలి ఇక్కడ?

“చెప్పెయ్యవే” అంటావు. ఏం చెప్పను? చావింట్లో కూడా బావామరదళ్ళు ఎగతాళి ఆడాల్సిందేనని, ఆడకపోతే ఏడుస్తున్న మనిషిని ఒంటరిగా వదిలేసినట్టేనని చెబితే జోకు చచ్చిపోతుంది. అందరూ రాసుకుంటారు. మా నాన్న పెట్టె మూసే ముందు నువ్వేమన్నావో చెప్పనా వాళ్ళకి? “మామయ్యకి ఇంత పెద్ద పెట్టె దేనికి, ఈ మరదల్ని కూడా ఇందులోనే సర్దెయ్యండి, ఊరికి తిండి మిగులుతుంది” అన్నావు. అమ్మతో సహా అందరూ పకపకా నవ్వారు. నాన్న పోయాక నాకు ఊపిరాడింది అప్పుడే. అది నాది. దాన్ని తీసుకెళ్ళి మార్కులకి ఇవ్వను.

ఈ వారం టికెట్ దొరకలేదు. దొరకగానే వచ్చేస్తా. ఉత్తరంతో పాటు ఆ నాటకం పుస్తకం కూడా పంపుతున్నా, నువ్వే ఉంచుకో, పొయ్యిలోకి పనికొస్తుంది.

మహాలా


రోడ్డు క్యాంపు.

ఏమే మహాలా, ఒసే పిచ్చిమొద్దూ,

పొయ్యిలో వేస్తానా! ఈ పుస్తకం ఇక్కడేం చేసిందో విను. కూర్చుని విను. నేను మాత్రం నిలబడే రాస్తున్నా, కూర్చోబుద్ధి కావడం లేదు.

డోనీ నీ పొట్లం ఇచ్చినప్పుడు మేం సరస్సు మధ్యలో ఉన్నాం. మంచుకి బెజ్జాలు వేసి, కింది నీళ్ళు పైకి తోడి పోస్తున్నాం, గడ్డకట్టి సరస్సు మీది మంచు రోడ్డు ఇంకా మందమవ్వాలని. మధ్యాహ్నం పని ఆపి వంట గుడిసెలోకి పోయాం. బంగాళాదుంపలేసి మూస్ దుప్పి మాంసం కూర చేసింది వర్నా అక్క. నేను ఒక చేత్తో తింటూ ఒక చేత్తో చదువుతున్నా. ఆ పేజీకి రాగానే నోట్లో కూర బల్ల మీద పడింది. “ఏంట్రా ఆ నవ్వు, మాక్కూడా చెప్పు” అన్నాడు ఆబియా తాత. చదివాను.

నీకు తెలుసుగా, నేను చదివితే గుంటల రోడ్డు మీద ట్రక్కు పోయినట్టుంటుంది. అయినా ఆ మాట పూర్తవగానే తాత ఎంత నవ్వాడంటే కట్టుడు పళ్ళు టీ కప్పులో పడ్డాయి. పడ్డవి తీసుకుని తుడుచుకుని, “తప్పు, తప్పు! అలా కాదు అనాల్సింది. అరుస్తున్నావేంట్రా? టీ ఉందా అని అడిగినట్టు అనాలి. మొహం చూడకూడదు. బూట్లు విప్పుకుంటూ అనాలి” అన్నాడు. డోనీ ఊరుకుంటాడా? “కాదు తాతా, ముందు పెట్టెవైపు చూడాలి, తర్వాతే మరదలివైపు” అన్నాడు. వర్నా అక్క గరిటె పక్కన పడేసి, “మగవాళ్ళు నోర్ముయ్యండి, రోజా నేను” అని పుస్తకం లాక్కుంది.

ఇంక చూడు! తాత బయటికెళ్ళి నిజంగానే బూట్లకి మంచు అంటించుకుని తలుపు తోసుకుని వచ్చాడు. అన్నాడు. వర్నా అక్క జవాబు ఉంది చూడు, “నువ్వొచ్చావుగా, ఇప్పుడు శవం ఎవరో తెలియక పాస్టరు తికమక పడతాడు” అని, అది చెప్పబోయి ఆగిపోయింది. కిందటేడు పోయిన వాళ్ళ అన్న గుర్తొచ్చాడో ఏమో, కళ్ళనిండా నీళ్ళు. తాత చలించలేదు. “తొందరగా చెప్పవే, బూట్లలో మంచు కరుగుతోంది” అన్నాడు. ఆ మాట పుస్తకంలో లేదు! అక్క ఏడుస్తూనే నవ్వుతూ జవాబు కొట్టింది. మేమంతా బల్లలు చరిచాం. పనికి లేటు. మేస్త్రీయే నటుడైతే ఇంకెవరు తిడతారు?

అప్పట్నుంచీ రోజూ మధ్యాహ్నం నాటకమే. మొత్తం చదివేశాం. మళ్ళీ మొదలెట్టాం. రాత్రి నిద్రలో కూడా మాటలు తిరుగుతున్నాయి నాకు. ఇది రాసినావిడ ఎవరోగానీ, మనవాళ్ళ ఇళ్ళలో స్టవ్ పక్కన కూర్చుని రాసుకుందే! పుస్తకాలు ఇలా కూడా ఉంటాయా? ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం?

ఇక నీ సంగతి. నువ్వు చెప్పింది నిజమే, వివరిస్తే జోకు చస్తుంది. అందుకని వివరించకు. చదువు. గట్టిగా, అనాల్సినట్టు అను. అది కళ్ళతో చదివేది కాదే, నోటితో అనేది. మీ క్లాసు మొత్తం దాన్ని చావు గొంతుతో చదివారు, అందుకే వాళ్ళకి చావు ఒక్కటే వినబడింది. ఆ టీచరమ్మ దగ్గరికి పోయి “నాకు లైబ్రరీ వద్దు, నాకు క్లాసుగది కావాలి” అను. ఆ ట్రెంట్‌గాడి చేత బావ వేషం వేయించు. తిట్టడం వాడికి వచ్చే ఉంటుంది.

పుస్తకం తిరిగి పంపుతున్నా. కూర మరక వర్నా అక్కది, నాది కాదు.

ఈనస్


హార్విక్.

ఓ బావగారూ,

తమరి ఉత్తరం దుప్పటి కప్పుకుని చదివాను, నవ్వు వినబడితే బోర్డింగావిడ మళ్ళీ కౌన్సిలర్‌కి ఫోను చేస్తుందని.

అడిగాను! బడి అయ్యాక మిస్ హాలరన్ బల్ల ముందు నిలబడి, “మిస్, ఆ సన్నివేశాన్ని మనం తప్పుగా చదివాం” అన్నాను. ఆవిడ మొహం ఎర్రగా అయిపోయింది. “నేను తప్పుగా చదివానా?” అంది. “మనం” అన్నాను మళ్ళీ. కాసేపు పుస్తకం అటూ ఇటూ తిప్పి, “ఆ బావ దుర్మార్గుడు కాదా అయితే?” అని అడిగింది. “వాడొక్కడే ఆ గదిలో పనికొచ్చేవాడు మిస్” అన్నా. కుర్చీలో వెనక్కి వాలి, “మూడేళ్ళుగా ఈ నాటకం చెబుతున్నాను” అంది. తర్వాత, “ఎలా చదవాలో చూపించు. గది నీది” అంది. ఆవిణ్ణి కాస్త ఎక్కువే తిట్టుకున్నాను ఇన్నాళ్ళూ.

మరి నీ గొప్ప సలహా ఏమైందో విను. ట్రెంట్‌ని అడిగితే సరేనన్నాడు. పాపం రెండు రోజులు ప్రాక్టీసు చేశాడు. “ఏమే, నీ మొహం అసలే అంతంతమాత్రం… సారీ మహాలా. ఏడ్చి ఇంకా ఉబ్బించుకున్నావా… నిజంగా అలా ఏం లేదు.” ప్రతి మాటకీ ఒక సారీ! గట్టిగా అనరా అంటే హంతకుడిలా అరుస్తాడు. “నీకు బాధ కలగదా?” అంటాడు. బావ అంటే ఎవరో చెప్పాను, మేనత్త కొడుకని, నన్ను ఏడిపించడం వాడి పని అని. “అంటే మీరిద్దరూ లవర్సా?” అన్నాడు. చచ్చాను. ఆ పెళ్ళిళ్ళ రోజులు ముత్తాతలతోనే పోయాయనీ, ఎగతాళి ఒక్కటే మిగిలిందనీ చెప్పేసరికి గంట కొట్టేశారు.

కాబట్టి నువ్వే రావాలి.

అలా నోరు తెరవకు, ఈగలు లేవు ఇప్పుడు. మిస్ హాలరన్ ఒప్పుకుంది. బయటివాళ్ళని తీసుకురావచ్చట, ఆఫీసులో పేరు చెబితే చాలు. మార్చి చివరి గురువారం, మధ్యాహ్నం క్లాసు. అప్పటికి రోడ్డింకా మూసెయ్యరుగా? డోనీతో దిగు. రోజా పెట్టెలో ఉన్న తండ్రితో మాట్లాడే పెద్ద మాట నేను చదువుతా, అది అవగానే నువ్వు తలుపు తోసుకుని రావాలి.

ఇంకో సంగతి. శుక్రవారానికి టికెట్ దొరికింది, ఆ గురువారం మర్నాటికి. కొన్నాను. రద్దు చెయ్యలేదు. గురువారం బాగా జరిగితే చేస్తా. నువ్వు రాకపోతే ఒక్కదాన్నే ఆ గదిలో మళ్ళీ నవ్వలేను బావా.

మహాలా


రోడ్డు క్యాంపు.

మహాలా,

కుదరదు.

ఎండ ముదిరింది. సరస్సు మీద మధ్యాహ్నానికి నీళ్ళు నిలుస్తున్నాయి. బరువు ట్రక్కులు తెల్లవారుజామునే దాటాలి. పైన ఊళ్ళకి ఇంకా డీజిలు పోవాలి, ఇళ్ళ సామాను పోవాలి. ఇప్పుడు ఒక మనిషి తగ్గితే ఆబియా తాతకి కష్టం. పంపు ఎవరు లాగుతారు?

అదీగాక ఆ బడి గుమ్మం తొక్కనని అనుకున్నా. నేను తెలివి లేక మానెయ్యలేదు, నీకు తెలుసు. ఒక్కచోట కాలు నిలవదు నాకు. ఆ నేల పాలిష్ వాసన తగిలితే ఇప్పటికీ నాకు బయటికి పరిగెత్తాలనిపిస్తుంది. ఇరవై ఏళ్ళవాణ్ణి, ఆ చిన్న కుర్చీల మధ్యకొచ్చి నిలబడి, నా గుంటల రోడ్డు చదువు చదవాలా? ఒక్క మాట తడబడితే ఆ పిల్లలు నన్ను కూడా రాసుకుంటారు.

సరే, ఇదంతా ఒక ఎత్తు. ఇంకోటి ఉంది. మామయ్య పెట్టె దగ్గర ఆ మాట అన్నప్పుడు నేను ఆలోచించి అనలేదు. నువ్వలా కూర్చుంటే చూడలేకపోయాను, అంతే, నోట్లోంచి వచ్చేసింది. నువ్వు నవ్వాకే నాకూ ఊపిరొచ్చింది. అలాంటిది ఒక్కసారే అంటారు. తలుపు తోసుకుని వచ్చి మళ్ళీ అంటే అది మామయ్యది కాకుండా పోతుంది. మార్కులకి ఇవ్వనని నువ్వే అన్నావు కదా.

ట్రెంట్‌కి ఇంకోసారి నేర్పు.

ఈనస్


హార్విక్.

మంచు గడ్డ మీద కూర్చుని ముక్కు గడ్డకట్టించుకున్న మా గాడిద బావకి,

ఎండ ముదిరిందట! పంపు లాగాలట! నువ్వు పంపు లాగుతున్నావో, పంపు నిన్ను లాగుతోందో వర్నా అక్కనడిగితే చెబుతుంది.

నాన్న దగ్గర నువ్వన్న మాట నేనెప్పుడడిగాను? అది నీ దగ్గరే పెట్టుకో, నా ముక్క నా దగ్గరుంది. నేనడిగింది నాటకంలో మాట. అది ఎవరో ఒకావిడ రాసింది, అచ్చువేసి అందరికీ ఇచ్చింది. మనకోసమే ఇచ్చింది, మనం మనది బయట పెట్టక్కర్లేకుండా! నాకు అది అర్థమయ్యేసరికి రెండు వారాలు పట్టింది. అందుకే కదా పుస్తకాలు ఉండేది? రోజా ఏడిస్తే నేను ఏడవక్కర్లేదు. రోజా బావ తిడితే నువ్వు నీ మాట ఖర్చుపెట్టక్కర్లేదు. ఇది పరీక్షలో రాస్తే మిస్ హాలరన్ ఎగిరి గంతేస్తుంది. నీకు మాత్రం ఉచితంగా చెబుతున్నా.

తడబడితే తడబడు. రోజా బావకి మాత్రం చక్కగా వచ్చా ఇంగ్లీషు?

సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. అందులో ఇంకా ఏమీ సర్దలేదు. నీకు చెప్పాలనిపించింది.

నీ మరదలు


హార్విక్.
మీ క్లాసు బయట, వరండాలో బెంచీ మీద.

ఏమే,

నువ్వు లోపలున్నావు, నేను బయటున్నాను. మధ్యలో ఒక తలుపు. అయినా ఉత్తరమే రాస్తున్నా. చేతులు ఊరికే ఉండటం లేదు మరి. కొక్కేలకి తగిలించిన కోట్లలో నీదేదో తెలుసు, మా అమ్మ కుట్టిన పూసల పువ్వు ఉందిగా, ఆ జేబులో దూర్చేస్తా దీన్ని. ఇంటికెళ్ళాక చదువుకుని నవ్వుకో.

నీ ఉత్తరం ఆబియా తాతకి చదివి వినిపించాను. ఎందుకు వినిపించానో నాకే తెలీదు. ఆయన టీ కప్పు కింద పెట్టి, “చావింటినుంచి మరదలు పిలుస్తుంటే మంచు గురించి మాట్లాడతావురా?” అన్నాడు. “చావిల్లు కాదు తాతా, స్కూలు” అన్నా. “తండ్రి పోయి ఆర్నెల్లు కాలేదు. ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటే అదే చావిల్లు. బూట్లేసుకో” అన్నాడు. వర్నా అక్క దారికని రొట్టెలు కట్టిచ్చింది. పంపు తాతే లాగుతాడట. “నువ్వు లేకపోతే పని తొందరగా అవుతుంది కూడా” అన్నాడు. చూశావా, ఎవరి దగ్గరా గౌరవం లేదు నాకు.

సరస్సు దాటేటప్పుడు చూడాల్సింది నువ్వు! నిండా నీళ్ళు, కింద మంచు ఎక్కడుందో కనబడదు, ఆకాశం మీద పోతున్నట్టే ఉంది. డోనీ అద్దాలు రెండూ దించేసి, మంచు విరిగితే దూకెయ్యడానికి బెల్టులు తీసెయ్యమని, నడక కంటే మెల్లగా పోనిచ్చాడు. మంచు కింద ఠంగుమని మోగుతోంది. నేనేమో పుస్తకంలో మాటలు పైకి చెప్పుకుంటున్నా. “ఒరేయ్, మునిగిపోతే నీ నోట్లోంచి వచ్చే ఆఖరి మాట ‘నీ మొహం అంతంతమాత్రం’ అవుతుందిరా, నన్నే అన్నావనుకుంటారు” అన్నాడు. అంత భయంలో కూడా నవ్వుకున్నాం. ఒడ్డెక్కాక ఇద్దరం అరిచిన అరుపుకి ఒక బొంతకాకి లేచిపోయింది.

లోపలికి రాగానే అదే పాలిష్ వాసన. కాళ్ళు వెనక్కి తిరిగాయి. తిప్పి తెచ్చుకున్నా. ఆఫీసులో పేరు అడిగారు, చెప్పాను. మిస్ హాలరన్ వచ్చి చెయ్యి కలిపింది. నా బూట్లవైపు చూసి, “మంచు కావాలా? వెనకాల పార్కింగులో ఇంకా కాస్త ఉంది” అంది. మంచిదేనే! వెళ్ళి తెచ్చుకున్నా. ఇప్పుడు బెంచీ కింద మడుగు కట్టింది, అటుపోయే పిల్లలు వింతగా చూస్తున్నారు. చూడనీ.

ట్రెంట్ అట, తలుపులోంచి తల పెట్టి, “మీరేనా బావ?” అన్నాడు. “నువ్వేనా సారీ?” అన్నా. వాడికి నవ్వొచ్చింది. పర్లేదు వాడు.

మొదలెట్టావు. వినబడుతోంది. గొంతు బాగుంది, ఏం వణకలేదు. పాస్టరు వచ్చి వెళ్ళే ముక్కకి ఎవరో కిసుక్కుమన్నారు! విన్నావా? అక్కడ మీవాళ్ళు నవ్వారు! ఇంకొకరు కూడా. లేచి నిలబడి గోడకి ఆనుకుని రాస్తున్నా.

ఇప్పుడు రోజా తండ్రితో మాట్లాడే మాట. “నాన్నా, నీ బూట్లు ఇంకా తలుపు దగ్గరే ఉన్నాయి. ఎవరూ తీయడం లేదు. నేను రోజూ వాటిని దాటుకుని…”

ఆగావు.

పేజీ తిప్పుతున్నావనుకున్నా. కాదు. కుర్చీలు కూడా కదలడం లేదు. మిస్ హాలరన్ మెల్లగా ఏదో అంటోంది. నీ గొంతు లేదు.

నా మాట రావడానికి ఇంకా సగం పేజీ ఉంది. ఉంటే ఉండనీ. వెళ్ళాలి.